కెమెరాకి అడ్డం కూర్చున్న మనిషి

ఆమె పోయిందన్న సంగతి నాకు చేపల మనిషి చెప్పింది. శ్రీకాకుళంలో మా వీధికి ఈ మధ్యే రావడం మొదలుపెట్టింది. నెత్తళ్ళు గిన్నెలో పోస్తూ తనది కళింగపట్నం అంది. ఆ ఊరి పేరు వినగానే అడిగాను. ఎండుచేపలు అమ్మే ముసలమ్మ ఒకావిడ ఉండాలి, కనిపించిన ప్రతి మనిషితోనూ బేరమాడుతుంది, మనవరాలి పేరు నూకాలు, తెలుసా అని.

"ఓలమ్మా, ఆ ముసల్దా! పోనాది కదమ్మా. కార్తీకంలోనే పోనాది. నీకెలగ తెలుసు?"

"ఆసుపత్రిలో మా పక్క మంచం."

"మరైతే నీతో కూడా బేరమాడే ఉంటాది" అని నవ్వి గంప ఎత్తుకుంది.

ఆడింది. మొదటిరోజే ఆడింది. గదిలో రెండు మంచాలు. కిటికీ పక్కది నాకూ మా అమ్మాయి చిన్నికీ వచ్చింది. ఆమె వస్తూనే గది అంతా ఒకసారి చూసి, నా మంచం దగ్గరికొచ్చి, "నీ గుంటకి కిటికీ ఎందుకు తల్లీ, బొమ్మలెట్టుకుని ఆడుకుంటాది. నా గుంట బయటికి సూడకపోతే ఉండలేదు. మంచం మార్సు. బదులు నా దుప్పటి కొత్తది, తీసుకో" అంది. నేను దుప్పటి అక్కర్లేదని మంచం ఇచ్చేశాను. ఆమె మొహంలో సంతోషం బదులు చిరాకు కనబడింది. ఒక మాట నేను అని, రెండు మాటలు ఆమె అని, చివరికి తెగాల్సిన బేరం. అంత తేలిగ్గా తెగిపోవడం ఆమెకి నచ్చలేదు.

ఈ రాత్రి చిన్ని పడుకుంది. ఆమె గురించి నాకు తెలిసింది రాసి పెట్టుకోవాలనిపించింది. ఆమె పేరైనా నాకు తెలియదు. ఆసుపత్రివాళ్ళు "నూకాలు తాలూకా ఎవరు?" అని కేకేసేవారు, ఆమె "నానే" అని లేచేది. నేను మామ్మా అని పిలిచేదాన్ని. ఒకే గదిలో కొద్దిరోజులు ఉన్న పరిచయం, అంతే.

మా చిన్నికి అప్పుడు ఆరేళ్ళు. అన్నం తింటూ తింటూ ఉన్నట్టుండి ఆగిపోయేది. ముద్ద నోట్లోనే ఉండేది, చూపు ఎక్కడో నిలిచిపోయేది, పిలిస్తే పలికేది కాదు. కాస్సేపటికి ఏమీ జరగనట్టు ముద్ద మింగి, చెప్పే కబురు చెప్పేది. డాక్టరు విజయనగరం వెళ్ళి వీడియో ఈఈజీ చేయించమన్నాడు. పిల్ల తలకి వైర్లు అంటించి మెదడులో పుట్టే తరంగాలను గీతలుగా తీస్తారు. అదే సమయంలో గోడమీది కెమెరా పిల్లని రాత్రీ పగలూ చూస్తూ ఉంటుంది. ఫిట్ వచ్చిన క్షణంలో గీతలు ఎలా మారాయి, పిల్ల ఒళ్ళు ఏం చేసింది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ రకమో తెలుస్తుంది, ఏ మందు వెయ్యాలో తెలుస్తుంది. కాబట్టి అక్కడ ఉన్నన్నాళ్ళూ ఫిట్ రావాలనే ఎదురుచూడాలి. అంతకుముందు అది రాకూడదని మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు ఏమని మొక్కాలో నాకు తెలియలేదు.

నూకాలుకి పన్నెండేళ్ళు. సన్నగా, పొడుగ్గా, అడిగితే తప్ప మాట్లాడని పిల్ల. తండ్రి గుజరాత్‌లో పడవల మీద పనికి వెళ్ళాడు, తల్లి పురిటి మంచం మీద ఉంది. అందుకని మామ్మ తీసుకొచ్చింది.

వచ్చిన రోజే టెక్నీషియన్ అమ్మాయికీ మామ్మకీ గొడవ. తలకి షాంపూ పెట్టి రుద్ది, నూనె రాయకుండా తీసుకురమ్మని ముందే చెప్పారట. నూకాలు రెండు జడలూ నున్నగా మెరిసిపోతున్నాయి.

"నూనె రాయొద్దని చెప్పాం కదమ్మా?"

"రుద్దినాను తల్లీ. శుబ్బరంగా రుద్దినాను. రుద్దినాకే రాసినాను."

"ఎందుకు రాశారు?"

"ఆడపిల్లని తల నూనె నేకుండా ఊరు దాటిస్తానేటి? బస్సులో సూసినోళ్ళు ఏటనుకుంటారు? తల్లి నేని పిల్లనుకోరా?"

"నూనె ఉంటే వైర్లు అంటుకోవు మామ్మగారూ."

"అంటుకోకపోతే ఇంకాస్త జిగురెయ్యి. నీ ఇంట్లోదేటి?"

చివరికి బాత్రూములో కూర్చోబెట్టి మళ్ళీ మళ్ళీ రుద్దింది. ఫ్యాను కింద ఆరిన ఆ జుట్టు చూసి, "కొబ్బరి పీసు సెయ్యించినారు" అని గొణిగి, వైర్లు పెట్టేదాకా తువ్వాలు కప్పి ఉంచింది. అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆ పిల్ల మీద ఏదో ఒకటి కప్పి ఉంచడం ఆమెకి అలవాటని అప్పటికింకా నాకు తెలియదు.

ఆ ఆసుపత్రి డాక్టరుతోనూ బేరమే. ఆయన కుర్రవాడు, ఓపిక గలవాడు.

"రెండ్రోజులంటారేటి బాబూ. ఒకటిన్నర సేసుకోండి. ఆదివారం యాపారం పోతాది."

"ఫిట్ వస్తే ఈరోజే పంపించేస్తానమ్మా."

"అది మన సేతిలో ఉన్నాదా? సుట్టం ఎప్పుడొస్తాడో సుట్టానికే తెలీదు."

ఆ జబ్బు పేరు ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. సుట్టం అనేది. సుట్టం వచ్చినాడు, సుట్టం ఎల్లిపోనాడు, మొన్న అమాసకి ఒకపాలి వచ్చి మళ్ళీ నాలుగు దినాలకే దిగిపోనాడు. విన్నవాళ్ళు నిజంగానే ఎవరో ఊరినుంచి వచ్చే మనిషనుకోవాలి. చుట్టుపక్కలవాళ్ళు అలా అనుకోవాలనే మొదలుపెట్టి ఉంటుంది.

మనిషిని చూడటం కూడా చేపని చూసినట్టే చూసేది. మా చిన్ని కింది కనురెప్ప వేలితో లాగి చూసి, "రగతం నేదు గుంటకి. నెత్తళ్ళ పులుసెట్టు. ముళ్ళంటావేమో, నెత్తళ్ళకి ముళ్ళేటి" అంది. నేను ఊరికే ఉండలేక గదిలోంచి బయటికీ, బయటున్న కంప్యూటరు దగ్గరికీ తిరుగుతూ, ఆ గీత ఏమిటి, ఈ గీత ఎందుకలా లేచింది అని టెక్నీషియన్‌ని వేధించేదాన్ని. "ఏటమ్మా అలగ తిరగతన్నావు? కూకో. నువ్వు తిరిగితే గీతలు తిన్నగైపోతాయా?" అని మామ్మ నన్ను కసిరేది. నేను ఇంటర్నెట్‌లో చదివినవన్నీ ఆమెకి చెప్పబోతే, "సదువుకున్నావు కాబట్టి నీకు భయాలెక్కువ. నాకు ఒకటే భయం" అంది. అదేమిటో అప్పుడు చెప్పలేదు.

మా చిన్నిది ఆ మధ్యాహ్నమే తేలిపోయింది. టెక్నీషియన్ కాగితంతో చేసిన గాలిచక్రం ఇచ్చి, ఆగకుండా ఊదమంది. ఊదుతూ ఊదుతూ చిన్ని ఆగిపోయింది. చక్రం కాస్సేపు తిరిగి అదీ ఆగింది. "వచ్చేసిందండీ! బాగా పడింది!" అని ఆ అమ్మాయి బయటినుంచి కేకేసింది. నేను హమ్మయ్య అనుకున్నాను. నా పిల్లకి ఫిట్ వస్తే నేను హమ్మయ్య అనుకున్నాను.

పక్క మంచం మీంచి మామ్మ మెడ సాచి చూసింది. "ఇదేనేటి మీకొచ్చేది? ఇది సుట్టమా! గుమ్మంలో తొంగి సూసి ఎల్లిపోనాడు" అంది. నన్ను నవ్వించాలనే అంది. తర్వాత గొంతు తగ్గించి, "మాది అలగ కాదు తల్లీ" అంది.

వాళ్ళది అలా కాదు. ఒళ్ళంతా వచ్చే రకం. అప్పటికి రెండు మందులు మార్చినా ఆగలేదు. నూకాలు ఏడో తరగతి. మామ్మ తన గంపని బజారులోంచి తీసేసి బడి గేటుకి ఎదురుగా పెట్టుకుంది. లోపల పిల్లలు అరిస్తే గంప అక్కడే వదిలేసి పరిగెత్తేదట. ఇప్పుడు ఎనిమిదో తరగతికి శ్రీకాకుళంలో హాస్టల్లో చేరాలని నూకాలు పట్టుబట్టింది. సీటు కూడా వచ్చేలా ఉంది. హాస్టల్ లోపలికైతే మామ్మని రానివ్వరు. "ఏ రకమో కచ్చితంగా తేలితే సరైన మందు ఇస్తాను, అప్పుడు హాస్టల్ సంగతి ఆలోచిద్దాం" అన్నాడు డాక్టరు. "తేలకపోతే నాను పంపను. బడే మానిపించేస్తాను" అంది మామ్మ. నూకాలు కిటికీవైపు తిరిగి పడుకుంది.

ఫిట్ రావాలని ఆ పిల్లకి మందు సగానికి తగ్గించారు. టెక్నీషియన్ మామ్మకి ఒక బటన్ చూపించింది. వచ్చిన వెంటనే ఇది నొక్కాలి, దుప్పటి తీసెయ్యాలి, పేరు పెట్టి పిలవాలి, పక్కకి జరగాలి, కెమెరాకి అడ్డం రాకూడదు అని చెప్పింది. "సరే సరే" అని మామ్మ తలూపింది.

సాయంత్రం ఆమె టీ కోసం వెళ్ళినప్పుడు నూకాలు నన్ను పిలిచింది. తలనిండా గుడ్డ చుట్టి, వెనకనుంచి వైర్లు జడలా వేలాడుతున్నాయి.

"ఆంటీ, అదొచ్చినపుడు నానేటి సేస్తాను?"

"నేనింకా చూడలేదమ్మా."

"మా మామ్మ సెప్పదు. ఎవులూ సెప్పరు. మొకం మారిపోతాదా? కుక్కలాగ అరుస్తానని బళ్ళో ఏడిపిస్తారు, నిజమేనా?"

నేను కాదన్నాను. చూడకుండానే కాదన్నాను. ఆ పిల్ల నన్ను నమ్మలేదు.

మర్నాడు పొద్దున ఇడ్లీలు తింటుండగా వచ్చింది. నూకాలు చేతిలోని ప్లేటు కిందపడిన చప్పుడు విని నేను తల తిప్పేసరికే మామ్మ మంచం ఎక్కేసింది. చీర కొంగు మొత్తం విప్పి పిల్ల తలమీదినుంచి నడుం దాకా కప్పేసి, తను కెమెరాకి వీపు పెట్టి, కోడి పిల్లల మీద కూర్చున్నట్టు కూర్చుంది. కొంగు కింద ఏదో కొట్టుకుంటోంది. బటన్ మంచం పక్కన వేలాడుతూనే ఉంది.

టెక్నీషియన్ పరిగెత్తుకొచ్చింది. "తియ్యండి మామ్మగారూ! కప్పకండి! పక్కకి రండి!"

మామ్మ కదల్లేదు. ఆ అమ్మాయి కొంగు లాగబోతే ఒక చేత్తో తోసేసింది. అంతా అయిపోయాక, పిల్ల ఊపిరి నిదానించాక, నెమ్మదిగా కొంగు తీసి మొహం తుడిచింది.

డాక్టరు చూసి వచ్చాడు. ఆయనకి కోపం వచ్చింది కానీ చూపించలేదు. "అమ్మా, వీడియోలో నీ వీపు తప్ప ఇంకేం లేదు."

"బాగున్నాదా బాబూ నా ఈపు?"

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా.

"పిల్ల కదలడం వల్ల గీతలన్నీ కలిసిపోయాయి. ముందు ఏ చెయ్యి కదిలింది, తల ఎటు తిరిగింది, అది కంటితో చూడాలి. చూడకుండా మందు మారిస్తే చీకట్లో రాయి వేసినట్టే. ఇంకో రెండు రోజులు ఉండాలి."

ఆమె బేరం ఆడలేదు. సరే అని తలూపి, కిందపడిన ఇడ్లీ ముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

ఆ రోజు మా చిన్ని రిపోర్టు రావాల్సి ఉండి మేమూ అక్కడే ఉన్నాం. నూకాలు మత్తుగా నిద్రపోతోంది. నాకు ఆమె మీద చాలా కోపంగా ఉంది. పిల్ల చదువు ఆమె చేతుల్లో ఉంటే ఇలా చేస్తుందేమిటని. అడిగేశాను.

"ఎందుకు కప్పావు మామ్మా? చెప్పారు కదా."

ఆమె నూకాలు కాళ్ళమీద దుప్పటి సర్దింది. తర్వాత చెప్పింది. నూకాలుకి ఐదేళ్ళప్పుడు, పడవలు ఒడ్డుకొచ్చే వేళ, ఇసకలో వచ్చిందట. చేపలకోసం వచ్చినవాళ్ళంతా మూగారు. ఒకరు తాళాలగుత్తి చేతిలో పెట్టారు, ఒకరు చెప్పు వాసన చూపించారు, ఒకరు బిందెడు నీళ్ళు దిమ్మరించారు. పిల్లకి లంగా పైకి జరిగిపోయినా సర్దినవాళ్ళు లేరు.

"అదేటి పెద్దదా తల్లీ. ఆ మర్నాడు సూసినాను. ఆ ఒడ్డునే పిల్లలు ఆడతన్నారు. ఒక గుంటడు దబ్బున ఇసకలో పడతాడు, కాళ్ళూ సేతులూ కొట్టుకుంటాడు, కళ్ళు తేలేస్తాడు. ఇంకోడు తాళాలు తెస్తాడు. అందరూ నవ్వు. ఏటాటర్రా ఇది అంటే, నూకాలాట అన్నారు. ఎన్ని దినాలు ఆడినారో! మా గుంట కూడా పక్కన నిలబడి నవ్వుతాది. దానికి తెలీదు కదా అది తనేనని."

అప్పటినుంచి కప్పడం మొదలుపెట్టింది. పెళ్ళిలో వచ్చినా, శ్రీముఖలింగం తిరనాళ్ళలో వచ్చినా, బస్సులో వచ్చినా కొంగు తీసి కప్పేసేది. ఎవరైనా అడిగితే ఎండదెబ్బ అనేది. ఆ తర్వాత ఊళ్ళో దాన్ని మొదటినుంచి చివరిదాకా చూసినవాళ్ళు లేరు, కన్నతల్లితో సహా.

"నువ్వు చూస్తావుగా" అన్నాను.

"నానా? నాను కళ్ళు మూసుకుంటాను."

సాయంత్రం టెక్నీషియన్ వచ్చినప్పుడు ఆమె, "ఆ బొత్తాం ఎలగ నొక్కాలో మల్లోపాలి సూపించు" అంది. చూపిస్తే రెండుమూడు సార్లు ఉత్తినే నొక్కి చూసింది.

అది మళ్ళీ మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. నేను చిన్నికి అన్నం కలుపుతున్నాను. నూకాలు కిటికీలోంచి చూస్తూ ఏదో చెబుతోంది, మాట మధ్యలో తెగిపోయింది. మామ్మ లేచింది. చెయ్యి కొంగు మీదికి వెళ్ళింది, కొంగు భుజం మీంచి జారింది. ఆమె ఆ కొంగుని ముద్దగా చుట్టి బొడ్లో దోపేసింది. గంప ఎత్తుకునే ముందు దోపుకుంటారే, అలాగ. బటన్ నొక్కింది. దుప్పటి లాగి కిందపడేసింది. లంగా మోకాళ్ళ కిందికి ఒకసారి సర్దింది. తర్వాత వెనక్కి, వెనక్కి, గోడకి ఆనుకునేదాకా జరిగింది.

"నూకాలూ! ఓలె నూకాలూ! నా మాట ఇనబడతందా?"

నూకాలు ఎడమచెయ్యి బొటనవేలు లోపలికి ముడుచుకుంది. చెయ్యి మోచేతి దగ్గర కొద్దికొద్దిగా అదిరింది. తల మెల్లగా ఎడమవైపు తిరిగింది. తర్వాత ఒళ్ళంతా పట్టుకుంది. టెక్నీషియన్ వచ్చి పిల్లని పక్కకి ఒత్తిగిల్లేలా తిప్పి, తను మంచానికి ఆ చివర నిలబడింది. మామ్మ రెండు అరచేతులూ గోడకి అదిమిపెట్టి, కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. రెప్ప కొట్టడం లేదు. చెంపలమీంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. అదేపనిగా పేరు పెట్టి పిలుస్తూనే ఉంది. మధ్యలో ఒకసారి గోడమీది కెమెరాకేసి తలెత్తి, "సూడు. బాగా సూడు" అంది.

సాయంత్రం డాక్టరు మామ్మని తన గదికి పిలిచాడు. మా రిపోర్టు గురించి మాట్లాడటానికి నేనూ అక్కడే ఉన్నాను. మెదడులో కుడివైపు ఒకచోట మొదలవుతోందని, ఎడమచెయ్యి ముందు కదలడం, గీతలూ రెండూ ఒకే మాట చెబుతున్నాయని, ఇన్నాళ్ళూ వేసిన మందులు ఈ రకానికి సరైనవి కావని, కొత్తది మొదలుపెడదామని చెప్పాడు. "ఎప్పుడూ వచ్చేది ఇదేనా అమ్మా, ఒకసారి చూసి చెప్పు" అని కంప్యూటరు ఆమె వైపు తిప్పాడు.

"నానూ సూస్తాను" అని గుమ్మం దగ్గర వినిపించింది. నూకాలు తలగుడ్డతోనే లేచి వచ్చింది.

"నీకెందుకే? పో, మంచమెక్కి తొంగో."

"నానే కదా అది. నానూ సూస్తాను."

డాక్టరు మామ్మవైపు చూశాడు. మామ్మ కుర్చీ కాస్త పక్కకి జరిపింది.

నూకాలు నిలబడే చూసింది. ఏడవలేదు. బొమ్మ అయిపోయాక, "మల్లీ ఎయ్యండి సారూ" అంది. రెండోసారి చూస్తూ తన ఎడమచెయ్యి పైకెత్తి, బొటనవేలు లోపలికి ముడిచి, బొమ్మలో చెయ్యి అదిరినట్టే నెమ్మదిగా అదిరించి చూసుకుంది. మామ్మ ఆ చేతిని పట్టుకోబోయి ఆగిపోయింది.

"ఇంతేనా మామ్మా?"

మామ్మ తలూపింది. నూకాలు డాక్టరువైపు తిరిగింది.

"సారూ, ఇది ఫోన్లో ఎక్కించి ఇస్తారా? హాస్టల్లో మేడానికి సూపిస్తాను. ముందే సూస్తే భయపడరు కదా."

మామ్మ నడుం దగ్గర తడుముకుని, చేపల పొలుసు అంటిన చిన్న సంచీ తీసి, అందులోంచి అంకెల బటన్లు అరిగిపోయిన ఫోను ఒకటి తీసి ఆయన బల్లమీద పెట్టింది.

"ఇందులో పడతాదా బాబూ?" అంది.